బాల్బియానెల్లో విల్లా అసలు ఎవరిది? పెళ్లిళ్లకు అద్దెకివ్వడం సబబేనా?

రెండెకరాల రాజు
మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒకటే రభస. మా బాబాయి కూతురి పెళ్లి ఇటలీలో చేద్దామని అబ్బాయి తరఫువాళ్లు పట్టుబట్టారు. కోమో సరస్సు ఒడ్డున విల్లా దెల్ బాల్బియానెల్లో అట. 2018 నవంబరులో దీపిక, రణ్‌వీర్ పెళ్లి జరిగింది అక్కడే. డబ్బు వాళ్లది, మనకెందుకు అని ఊరుకున్నా. కానీ ఆ విల్లా ఎవరిదో గ్రూపులో ఒక్కరికీ తెలీదు. హోటల్ అని ఒకరు, జార్జ్ క్లూనీ ఇల్లని ఇంకొకరు, ఏదో సినిమా కంపెనీదని మా పెదనాన్న. వెతికితే తేలిందేంటంటే, చివరి యజమాని 1988లో పోతూ ఒక ట్రస్టుకు రాసిచ్చాడట. నాకు అక్కడే మండింది. నలుగురూ చూడాలని ఒకాయన ఇల్లు రాసిచ్చి పోతే, దాన్ని కోటీశ్వరుల పెళ్లిళ్లకు అద్దెకివ్వడమేంటి? దేవుడి మాన్యం ఊరి పెద్దకు కౌలుకిచ్చినట్టు లేదూ?

తెలిసినవాళ్లు చెప్పండి. తిట్టాలనుకున్నా పర్లేదు.

ఉప్పుచేప
క్లూనీది వేరే. అది లాల్యో అనే ఊళ్లో, విల్లా ఒలియాండ్రా. 2002లో కొన్నాడు. క్లూనీ ఇల్లన్నవాళ్లకు చెప్పండి, ఎవరు అడిగినా పెళ్లికి ఆ గేటు తెరవరు.

మిలన్ మాధవి
నేను ఉండేది మిలన్‌లోనే. ఇండియా నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా వాళ్లను తీసుకెళ్లడం నా డ్యూటీ కాబట్టి ఈ విల్లా బాగానే తెలుసు.

ట్రస్టు పేరు ఫోందో అంబియెంతె ఇతాలియానో. అందరూ ఫాయ్ అంటారు. పాత కట్టడాలను కాపాడే బ్రిటన్ నేషనల్ ట్రస్టును చూసి 1975లో పెట్టారు. ప్రభుత్వానిది కాదు. సభ్యత్వాలు, టిక్కెట్లు, విరాళాలు, ఇలాంటి అద్దెలు, వీటి మీదే నడుస్తుంది. వాళ్ల చేతిలో ఉన్న చోట్లలో ఎక్కువమంది వచ్చేది బాల్బియానెల్లోకే. అంటే రాజు గారూ, తోటకు మామూలు జనం టిక్కెట్టు కొనుక్కుని వెళ్తూనే ఉన్నారు. ఇంటి లోపలికి మాత్రం గైడుతోనే పంపుతారు.

ఇక ఖర్చు సంగతి. విల్లా ఉన్నది సరస్సులోకి పొడుచుకొచ్చిన రాతి ముక్కు మీద. చదునైన నేల లేదు కాబట్టి ఇటలీ తోటల్లో కనిపించే గళ్ల గళ్ల పూలమడులు ఇక్కడ కుదరలేదు. మెట్లు మెట్లుగా పచ్చిక, దారి పొడుగునా కొమ్మలు కత్తిరించిన ప్లేన్ చెట్లు. లోజియా, అంటే స్తంభాల వసారా, దాని ముందు ఒక పెద్ద ఓక్ చెట్టు ఉంటుంది, నున్నటి గొడుగులా. ఆ గొడుగు దానంతటది రాదు. తోటమాలులు చెట్టు లోపలికి ఎక్కి, నిచ్చెనల మీద నిలబడి, పైకి లేచిన ప్రతి రెమ్మనూ చేత్తో కత్తిరిస్తారు. మళ్లీ లోజియా స్తంభాలకు ఆకు తీగ పాకించి ఉంటుంది. దాన్ని గీతలు గీసినట్టు ఉంచాలంటే ఎప్పుడూ ఎవరో ఒకరు కత్తెర పట్టుకుని ఉండాల్సిందే. ఈ జీతాలన్నీ టిక్కెట్టు డబ్బులతోనే వస్తాయా?

రెండెకరాల రాజు
వివరాలకు థ్యాంక్సండీ. కానీ జీతాలకు డబ్బు కావాలంటే టిక్కెట్టు పెంచండి, పెళ్లి ఎందుకు? ఇచ్చినాయన పెళ్లిమండపం పెట్టమని ఇచ్చాడా?

పాత దస్తావేజు
ఇచ్చినాయన దగ్గరికి రావాలంటే ముందు వెనక్కి వెళ్లాలి. కాస్త పొడుగవుతుంది, ఓపిక లేనివాళ్లు కిందికి జారండి.

అక్కడ మొదట ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠం ఉండేది. ఇప్పుడు ఫొటోల్లో కనిపించే రెండు గంట గోపురాలు ఆ మఠం చర్చివే. 1780లలో కార్డినల్ ఆంజెలో మరియా దురీని వచ్చాడు. పోలండ్‌లో పోపు రాయబారిగా చేసినవాడు, కవిత్వం పిచ్చి. ముందు పక్కనున్న కొమచీనా ద్వీపం కొందామనుకున్నాడు, కుదర్లేదు. ఈ ముక్కు కొని మఠాన్ని విల్లాగా మార్చి, పైన లోజియా కట్టించాడు. అక్కడ నిలబడితే ఒకవైపు ఆయనకు దక్కని ద్వీపం, ఇంకోవైపు బెల్లాజియో ఊరి వైపు నీళ్లు. రెండువైపులా చెరో గది. సాహిత్యం, సంగీతం, స్నేహితులు. అంటే కట్టిందే అతిథుల కోసం.

ఆయన 1796లో పోయాక మేనల్లుడు లుయీజి పొర్రో లాంబెర్తెంగికి వచ్చింది. ఆయన ఆస్ట్రియా పాలనకు ఎదురుతిరిగిన మిలన్ కౌంటు. ఆయన పిల్లలకు చదువు చెప్పినవాడు సిల్వియో పెల్లికో, తర్వాత ఆస్ట్రియా వాళ్లు ష్పీల్‌బెర్గ్ కోటలో పడేసిన రచయిత. పెల్లికోను 1820లో పట్టుకున్నారు. పొర్రో దేశం దాటి పారిపోయాడు, ఆయన లేకుండానే మరణశిక్ష వేశారు. విల్లా స్నేహితుడు జుసెప్పె అర్కొనాటి విస్కొంటి చేతికి వెళ్లింది. ఆయనకూ ప్రవాసం తప్పలేదు. బెల్జియంలో గాస్‌బేక్ కోట వాళ్లదే.

ఆ కుటుంబం చివరిదశలో బాల్బియానెల్లోను ఎవరూ పట్టించుకోలేదు. 1919లో కొన్నది ఒక అమెరికన్, బట్లర్ ఏమ్స్. మసాచుసెట్స్ నుంచి అమెరికా కాంగ్రెసులో పదేళ్లు ఉన్నాడు. ఇల్లూ తోటా బాగు చేయించింది ఆయనే. 1974లో ఆయన వారసుల దగ్గర కొన్నాడు గుయీదొ మొంజీనో. 1988లో ఫాయ్‌కి రాసిచ్చింది ఈయనే.

బద్ధకిష్టు
కిందికి జారమన్నారు కదా అని జారితే చివరి పేరా మీద ఆగా. మఠం, కార్డినల్, విప్లవకారుడు, అమెరికన్, ఆ తర్వాత పెళ్లివారు. పర్లేదు, ఉద్యోగం వరుసగా మారింది.

శిఖరం అంచు
మొంజీనోను ఒక్క లైనులో దాటేశారు, అన్యాయం. స్టాండా అనే డిపార్ట్‌మెంటు స్టోర్ల కుటుంబం ఆయనది. 1971లో కుక్కల స్లెడ్జి బండ్ల మీద ఉత్తర ధ్రువం చేరాడు. 1973లో ఇటలీ తరఫున మొదటిసారి ఎవరెస్టు ఎక్కించిన బృందానికి నాయకుడు. మే నెలలో రెండు దఫాలుగా ఎనిమిది మంది పైకి చేరారు, ఐదుగురు ఇటలీవాళ్లు, ముగ్గురు నేపాలీలు. హెలికాప్టర్లు తీసుకెళ్లారు, ఒకటి కొండ మీదే కూలింది కూడా. అప్పట్లో దాని మీద చాలా విమర్శ వచ్చింది, పర్వతారోహణా యుద్ధమా అని. మన మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎక్కిన కొండకు అప్పుడు ఒక సైన్యమే కదిలింది.

ఆ విల్లా పై అంతస్తులో ఇప్పుడు ఆయన యాత్రల మ్యూజియం ఉంది. ధ్రువానికి వాడిన స్లెడ్జి బండి అక్కడే చూడొచ్చు. నాకైతే పెళ్లి మండపం కంటే ఆ బండి ముందు ఫొటో కావాలి.

మిలన్ మాధవి
అవును, స్లెడ్జి ఉంది. అనుకున్నదానికంటే చిన్నగా, తోలు తాళ్లతో కట్టి. కిందేమో చైనా బొమ్మలు, ఫ్రెంచి బల్లలు, అద్దం వెనకవైపు వేసిన బొమ్మల గది. పై మెట్లెక్కగానే ఆ స్లెడ్జి, జెండాలు. ఒకే మనిషి ఇల్లంటే నమ్మబుద్ధి కాదు. ఇంకో సంగతి, ఇంట్లో రహస్య దారులు ఉన్నాయి. 1970లలో ఇటలీలో డబ్బున్నవాళ్లను ఎత్తుకెళ్లేవాళ్లు కదా, రెడ్ బ్రిగేడ్స్ అనే తీవ్రవాద ముఠా భయంతో పెట్టించుకున్నాడని గైడ్లు చెప్తారు. ఆయన్ను పాతిపెట్టింది కూడా ఆ తోటలోనే, పూర్వం మంచు నిల్వ చేసుకున్న కొట్టులో.

ఉప్పుచేప
ధ్రువం దాకా వెళ్లొచ్చినాయన చివరికి ఐస్ కొట్టులో. ఆయన ఎంచుకున్నదే అయితే మాత్రం జోకు అదిరింది.

రెండెకరాల రాజు
మాధవి గారు చెప్పిందే నా మాట. ఆయన అక్కడే పడుకుని ఉన్నాడు. పక్కనే డీజే పెడతారా?

మిలన్ మాధవి
మీరు ఫంక్షన్ హాల్ అనుకుంటున్నారు. అక్కడ ఏం చేయాలన్నా బోలెడు షరతులు. ఊళ్లో రాత్రిపూట శబ్దం మీద ఉండే నిబంధనలే మన సంగీత్‌ను సగం చంపేస్తాయి. బారాత్ గుర్రం మీద రాదు, పడవ మీద రావాలి.

కోనసీమ కోడలు
రాజు గారి బాధ నాకు అర్థమైంది గానీ నేను ఆ పక్కకు లేను. మా అత్తగారి ఊళ్లో మండువా లోగిలి ఉండేది. టేకు స్తంభాలు, చెక్కడపు దూలాలు, నడిమధ్య వాన పడే వాకిలి. నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి. ఒకరు అమెరికా, ఒకరు హైదరాబాదు, ఉన్న ఇద్దరికీ మాటల్లేవు. పెంకులు జారి వాన లోపలికి పడుతుంటే ఎవరు వేయించాలన్నది తేలక చివరికి స్తంభాలూ తలుపులూ పాత సామాను కొనేవాడికి తూకానికి పోయాయి. ఆ తలుపులు ఇప్పుడు ఏ రిసార్టులో ఉన్నాయో! ఎవరైనా వచ్చి ఏడాదికి నాలుగు పెళ్లిళ్లు చేసుకుని పెంకులు మారుస్తామని ఉంటే నేను హారతిచ్చి పిలిచేదాన్ని.

బద్ధకిష్టు
కోడలు గారి పోస్టు చదివాక మా తాతగారింటి తాళం ఎవరి దగ్గరుందో అడుగుదామని ఫోన్ తీశా. ఎవరికి చేయాలో తెలీలేదు.

ప్లీడరు గారబ్బాయి
వీలునామా కోణం ఎవరూ ఎత్తలేదు. ఇటలీ చట్టంలో భార్యాపిల్లలుంటే వాళ్లకు తప్పనిసరి వాటా ఉంటుంది. అది కాదని మొత్తం ట్రస్టుకు రాస్తే కోర్టుకు వెళ్లి వెనక్కి లాక్కోవచ్చు. మన హిందూ వారసత్వ చట్టంలో స్వార్జితం అయితే ఎవరికి కావాలంటే వాళ్లకు రాయొచ్చు, పిల్లలు అడ్డుపడటం కష్టం.

ఇంకోటి. అక్కడ చారిత్రక కట్టడంగా నమోదైన ఇల్లు అమ్మితే సాంస్కృతిక శాఖకు తెలపాలి. ఆ ధరకే తాము కొనుక్కునే హక్కు ప్రభుత్వానికి 60 రోజులు ఉంటుంది. 2004 నాటి వారసత్వ సంపద చట్టంలో ఉంది. గోడ కొట్టాలన్నా, పైకప్పు మార్చాలన్నా అనుమతి తప్పదు. కాబట్టి "మా ఇల్లు మా ఇష్టం" అక్కడ నడవదు.

ఉప్పుచేప
60 రోజులా? మా మండలాఫీసులో పాసుబుక్కుకే అంతకన్నా ఎక్కువ పట్టింది.

పాత దస్తావేజు
ఆ కొనుగోలు హక్కు కాగితం మీద బాగుంటుంది. డబ్బేది? రోములో విల్లా అరోరా సంగతి చూడండి. లుడొవీసి వంశం వాళ్లది. ఒక గది పైకప్పు మీద కరవాజ్జో వేసిన చిత్రం ఉంది, గ్వెర్చీనో వేసిన అరోరా ఉంది. యజమాని యువరాజు 2018లో పోయాక భార్యకూ, ముందు పెళ్లి పిల్లలకూ కోర్టులో గొడవ. కోర్టు వేలానికి పెట్టింది. 2022 జనవరిలో విలువ 47 కోట్ల 10 లక్షల యూరోలు అన్నారు, ఒక్కరూ పాట పాడలేదు. ప్రభుత్వమే కొనాలని జనం సంతకాలు పెట్టారు. తర్వాత ధర తగ్గించి మళ్లీ పెట్టినా అదే వరస. దాంతో పోలిస్తే మొంజీనో చేసింది తెలివైన పని. బతికుండగానే ఎవరికి పోవాలో తేల్చాడు.

హైదరాబాదీ బిడ్డ
మన ఫలక్‌నుమా ఎందుకు గుర్తు రాలేదు ఎవరికీ? 1884లో వికార్ ఉల్ ఉమ్రా మొదలుపెట్టిండు, అది కూడా ఇటలీ విల్లా పద్ధతే, పాలరాయి కూడా అక్కణ్నుంచే. కట్టేసరికి అప్పులు మీద పడ్డయి, ఆరో నిజాం చేతికి పోయింది. నిజాం అతిథులకు వాడుకున్నరు. తర్వాత ఏళ్లకేళ్లు తాళం. 2010లో తాజ్ హోటల్ తెరిచినంకనే జనానికి లోపల ఏమున్నదో తెలిసింది. అండ్ల కూడా పెండ్లిళ్లయితయి, సల్మాన్ ఖాన్ చెల్లె పెండ్లి అక్కడనే. ఎవలన్నా ఏడ్చిన్రా?

మిలన్ మాధవి
ఫలక్‌నుమాతో పోలిక పూర్తిగా కుదరదు. అది హోటల్. లోపలికి వెళ్లాలంటే గదో, భోజనమో బుక్ చేసుకోవాలి, లేదా వాళ్లు పెట్టే టూర్ టిక్కెట్టు తీసుకోవాలి. కోమో మీద దానికి సరిపోయేది చెర్నోబియోలో విల్లా దెస్తే. 1568 నాటి కార్డినల్ గల్లియో ఇల్లు, 1815లో ఇంగ్లండు యువరాజు భార్య కరొలైన్ కొనుక్కుంది, 1873 నుంచి హోటల్. గోడ బయట నుంచి చూసి రావడమే మనలాంటివాళ్లకు. బాల్బియానెల్లోలో మా అత్తమ్మ టిక్కెట్టు కొని, బెంచీ మీద కూర్చుని పులిహోర తినేసి వచ్చింది. (లోపల తినొచ్చో లేదో నన్నడక్కండి.)

హైదరాబాదీ బిడ్డ
ఒప్పుకున్న. గని హోటల్ లేకుంటే ఫలక్‌నుమాల గబ్బిలాలే ఉంటుండె.

రెండెకరాల రాజు
సరే, హోటల్ కంటే నయం. కానీ నా ప్రశ్న అక్కడే ఉంది. ప్రభుత్వం చేతిలో ఉంటే ఈ అద్దెల గోలే ఉండేది కాదు కదా?

పాత దస్తావేజు
పక్కనే త్రెమెజ్జోలో విల్లా కార్లొట్టా ఉంది. ప్రభుత్వం చేతికి ఎలా వచ్చిందో వింటే మీరు ఆ మాట అనరేమో. క్లెరీచి అనే మిలన్ కుటుంబం కట్టింది. 1801లో సొమ్మరీవా అనే ఆయన కొని శిల్పి కనోవా చెక్కిన బొమ్మలతో నింపాడు. 1843లో ప్రష్యా రాకుమారుడి భార్య మరియన్నె కొన్నది. కూతురు షార్లొట్‌కు పెళ్లి కానుకగా ఇచ్చింది, పేరు అలా వచ్చింది. ఆ పిల్ల 1855లో ఇరవై మూడేళ్లకే పోయింది. భర్త సాక్సె మైనింగెన్ వంశస్థుడు, అంటే జర్మన్. మొదటి ప్రపంచయుద్ధం రాగానే శత్రువుల ఆస్తి అయిపోయింది. ప్రభుత్వం తీసుకుంది. 1927 నుంచి ఒక ప్రత్యేక సంస్థ నడుపుతోంది. అద్భుతంగా నడుపుతోంది, కాదనను. కానీ అది కూడా టిక్కెట్టు మీదే, కార్యక్రమాల మీదే బతుకుతోంది.

కోనసీమ కోడలు
పెళ్లి కానుకగా విల్లా! మా పెళ్లికి మిక్సీలు ఆరు వచ్చాయి. (ఒకటి ఇంకా డబ్బాలోనే ఉంది.)

ప్లీడరు గారబ్బాయి
శత్రు ఆస్తి అంటే మనకూ ఉంది, 1968 చట్టం. పాకిస్తాన్ వెళ్లిపోయినవాళ్ల ఆస్తులు. వాటిలో చాలా బంగళాల గతి చూస్తే సర్కారు చేతికి వస్తే చాలు అనే మాట మనమే వెనక్కి తీసుకుంటాం.

చదువుల చెట్టు
బెల్లాజియోలో విల్లా సెర్బెల్లోని మర్చిపోయారు. విస్కీ వ్యాపారం చేసిన అమెరికా కుటుంబపు ఆడపడుచు, ఇటలీ రాకుమారుణ్ని పెళ్లాడి అక్కడ ఉండేది. 1959లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌కు ఇచ్చేసింది. ఇప్పుడు పండితులు, రచయితలు కొన్ని వారాలు ఉండి పని చేసుకోవడానికి ఇస్తారు. అదే ఏడాది ఫ్లారెన్స్ దగ్గర విల్లా ఇ తాత్తి హార్వర్డుకు వెళ్లింది, కళా చరిత్రకారుడు బెరెన్సన్ వీలునామా ప్రకారం. నన్నడిగితే విల్లాకు ఇదే సరైన వాడకం. పెళ్లి ఒక్క పూట, పుస్తకం వందేళ్లు.

ఉప్పుచేప
పెళ్లి ఒక్క పూటా? మీకు పెళ్లి కాలేదనుకుంటా.

రెండెకరాల రాజు
చదువుల చెట్టు గారి మాట బాగుంది.

మిలన్ మాధవి
బాగుంది గానీ, సెర్బెల్లోనిలో మామూలు మనిషి చూసేది తోట మాత్రమే, అదీ గైడుతో, చెప్పిన టైముకి. ఇంట్లోకి రానివ్వరు. పండితులకు ఇస్తే గౌరవం, పెళ్లివారికి ఇస్తే అవమానం అన్నట్టు మాట్లాడుతున్నారు అందరూ. బయటివాడికి రెండూ మూసిన తలుపే. తేడా ఏంటంటే పెళ్లివాళ్లు డబ్బు ఇస్తారు, సాయంత్రానికి వెళ్లిపోతారు. మర్నాడు మళ్లీ మా అత్తమ్మ.

చదువుల చెట్టు
పండితుడు అక్కడ రాసింది అందరికీ చేరుతుంది కదండీ. పెళ్లి ఆల్బమ్ ఎవరికి చేరుతుంది?

మిలన్ మాధవి
దీపిక ఆల్బమ్ మా కాలనీలో చేరని ఇల్లు లేదు. ఆ తర్వాతే కదా రాజు గారి గ్రూపులో ఇంత గొడవ :)

బద్ధకిష్టు
సినిమాల సంగతి కూడా లెక్కేయండి. స్టార్ వార్స్ రెండో ఎపిసోడ్‌లో పెళ్లి సీను అక్కడిదే. 2006 జేమ్స్ బాండ్ సినిమాలో బాండ్ కోలుకునే తోట కూడా అదే. పెళ్లిళ్లు అక్కడికి ఎందుకు పరిగెత్తుతున్నాయో ఇక వేరే చెప్పాలా. మొంజీనో గారు ఈ రెండూ చూడలేదు పాపం.

శిఖరం అంచు
చూసుంటే స్టార్ వార్స్ వాళ్లను "స్లెడ్జి మీద వెళ్లారా ఎప్పుడైనా" అని అడిగేవాడు.

రెండెకరాల రాజు
అందరివీ చదివా. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. దురీని అతిథుల కోసమే కట్టాడన్నారు, ఒప్పుకుంటా, కానీ ఆయన అతిథుల్ని అద్దెకు పిలవలేదు. అద్దెకివ్వండి, అయితే ఆ ఏడాది ఎన్ని ఇచ్చారు, ఎంత వచ్చింది, ఆ డబ్బుతో ఏ గోడ బాగు చేశారు అని గేటు దగ్గర బోర్డు పెడితే నాలాంటోడు నోరు మూసుకుంటాడు. మన గుళ్ల దగ్గర దాతల పేర్లు చెక్కినట్టు.

కోనసీమ కోడలు
ఇది న్యాయమైన మాట. దాతల పేర్లు అనగానే గుర్తొచ్చింది, మీ బాబాయి గారి పెళ్లి అక్కడే ఖాయమైందా?

రెండెకరాల రాజు
బాబాయిది కాదమ్మా, ఆయన కూతురిది. ఇంకా తేలలేదు. టస్కనీ అని కొత్త పాట ఎత్తుకున్నారు, వరుణ్ తేజ్, లావణ్య పెళ్లి అక్కడ చేసుకున్నారు కదా 2023లో, అందుకని. మా పిన్నికి మాత్రం అమ్మమ్మ మోకాళ్ల దిగులు. బాల్బియానెల్లోకు మెట్లెక్కలేనివాళ్లు వెళ్లగలరా?

మిలన్ మాధవి
మిలన్ నుంచి కోమోకు రైలు, అక్కణ్నుంచి సీ10 బస్సో, పడవో ఎక్కి లెన్నో ఊళ్లో దిగాలి. లెన్నో నుంచి విల్లాకు నడక దారి కిలోమీటరు లోపే, కానీ ఎక్కుడు ఉంది. మోకాళ్లు నొప్పులుంటే లెన్నో రేవు నుంచి చిన్న పడవ మాట్లాడుకోండి, నేరుగా విల్లా మెట్ల దగ్గర దింపుతాడు. దిగాక కూడా మెట్లు తప్పవు, అదొక్కటీ పిన్ని గారికి ముందే చెప్పండి. వారంలో సెలవు రోజులు ఉంటాయి, చలికాలంలో చాలారోజులు మూసేస్తారు. వెళ్లేముందు తేదీ చూసుకోండి.

ఉప్పుచేప
అమ్మమ్మ గారికి మొంజీనో స్లెడ్జి అడిగి చూడండి.